పాత నీళ్ల గాలి

నేను చదివింది ఏడో తరగతి వరకే. కాగితం ముందు కూర్చుంటే చెయ్యి సాగదు. అయినా రాస్తున్నాను. ఆ ఏడాది మా వాడలో జరిగినదాని గురించి జనం చెప్పుకునే కథలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఒకరు చేతబడి అన్నారు. ఒకరు గ్రహణం దోషం అన్నారు. కోడలి జబ్బు అత్త మీదికి దిగిందని ఒకావిడ నా మొహం మీదే అన్నది. నోరు ఊరుకోక ఆమెను అక్కడే దులిపేశాను. కానీ దులిపితే ఆమెకు తెలిసేది ఏముంది? అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను. ఏ ఇంట్లోనైనా ఎండాకాలం ఇలాంటి జ్వరం వస్తే ఎవరికైనా పనికొస్తుందేమో.

ఎనభై ఆరు, రోహిణి కార్తె

అప్పుడు మేము వరంగల్‌లో ఒక మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాళ్లం. మా ఆయన రాజేశం మగ్గాలు నడిపేవాడు, నేను కండెలకు నూలు చుట్టేదాన్ని. ఇంట్లో మాతోపాటు మా అత్తమ్మ లచ్చమ్మ ఉండేది. మా బిడ్డను సెలవులకు మా అమ్మగారింటికి పంపాం. ఆ ఒక్క మంచి పని ఆ ఎండాకాలం మాకు తెలియకుండానే చేశాం.

నూలు పనివాళ్లకు ఎండాకాలం అంటే పోగు తెగే కాలం. గాలి ఎండిపోతే పోగు పటపటా తెగుతుంది, మగ్గం ఆగుతుంది, మనిషికి విసుగొస్తుంది. అందుకని షెడ్డు కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టేవాళ్లం. మగ్గాలు బాగుచేసే మహబూబ్ భాయి ఒక ఉపాయం చేశాడు. రేకు డబ్బాలో నీళ్లు నింపి, దానికి పాత మోటారు, ఫ్యాను బిగించి, నీటి తుంపర గాల్లోకి ఎగిరేటట్టు చేశాడు. పెద్దది షెడ్డులో నడిచేది. చిన్నది ఇంకొకటి చేశాడు. దాన్ని మేమందరం గాలి డబ్బా అనేవాళ్లం.

ఆ డబ్బాలో నీళ్లు ఎవరూ పారబోసేవాళ్లు కాదు. పాత నీళ్లు మెత్తగా ఉంటాయని, ఆ తుంపరకైతేనే పోగు తెగదని మా నమ్మకం. తగ్గినప్పుడు పైన కొత్తవి పోసేవాళ్లం. పెరుగుకు తోడు పెట్టినట్టు అడుగున పాతవి ఎప్పుడూ ఉండేవి. రేకుల కప్పు కింద ఆ నీళ్లు గోరువెచ్చగా, కొంచెం జిగటగా ఉండేవి. ఎవరికీ అనుమానం రాలేదు.

చిన్న డబ్బాకు ఇంకో పని ఉండేది. షెడ్డులో ఎవరికి జ్వరం వచ్చినా అది వాళ్లింటికి పోయేది. మనిషి లేచి పనికొచ్చేదాకా అక్కడే ఉండేది. సేటు చెప్పింది కాదు, మాలో మేము అనుకున్న కట్టుబాటు.

నాకు మొదట తలనొప్పి. తర్వాత ఎవరో కట్టెలతో కొట్టినట్టు కాళ్లు లాగాయి. అంత ఎండలో చలి పుట్టింది. కూర్చున్నచోటే కండె జారిపోయింది. అందరూ నన్ను లేపి పెద్ద డబ్బా ముందు పడుకోబెట్టారు, షెడ్డులో చల్లగా ఉండే చోటు అదే కదా. చల్లగాలి మొహానికి తగిలితే ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ రోజు నాకు అంత సుఖంగా అనిపించిన గాలి ఇంకోటి లేదు.

ఆ పొద్దుగూకకముందే మహబూబ్ భాయి చిన్న డబ్బాను రిక్షాలో వేసుకొని మా ఇంటికొచ్చాడు. దానితోపాటు ఒక క్యాన్ నిండా షెడ్డు నీళ్లు.

"పాత నీళ్లే తెచ్చిన చెల్లె. కొత్త నీళ్లతోని గాలి గరుకుగ వస్తది. జర ఆరాం చెయ్యి, ఫికర్ పెట్టుకోకు," అన్నాడు.

అత్తమ్మ అతని తల నిమిరింది. "దేవునోలె వచ్చినవ్ కొడుకా. మా ఇంట్ల చాయ్ తాగి పో."

మంచం పక్కనే డబ్బా పెట్టారు. నా తల దగ్గర అత్తమ్మ కూర్చుంది. రాత్రుళ్లు అక్కడే, ఆ గాలికే, కింద చాప మీద పడుకునేది.

వాడలో సూదులు వేసే ఆయన వచ్చి చూసి వడదెబ్బ అన్నాడు. మే నెలలో మా దగ్గర ఏ జ్వరానికైనా పేరు అదే. అరికాళ్లకు ఉల్లిగడ్డ రసం రాశారు, పలుచని చల్ల తాగించారు. తాగింది తాగినట్టు పోయింది. దగ్గు మొదలైంది. దగ్గితే పక్కటెముకల్లో కత్తి దిగేది. ఊపిరి సగం దాకా పోయి ఆగిపోయేది, మిగతా సగం కోసం నోరు తెరిచి వెతుక్కునేదాన్ని. తర్వాత మతి చెదిరింది. మా ఆయన్ను పట్టుకొని మా అన్న పేరుతో పిలిచానట. అత్తమ్మను పట్టుకొని ఇన్నేళ్లుగా కడుపులో దాచుకున్నవన్నీ తిట్టానట. ఆమె తర్వాత దవాఖానలో నవ్వుతూ చెప్పింది: "జ్వరంలనన్న నిజాలు మాట్లాడినవ్ తియ్యి."

పెద్ద దవాఖాన

నన్ను రిక్షాలో పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. మంచాలు ఖాళీ లేవు. వరండాలో చాప పరిచారు. ఆ వరండాలో వేచి ఉన్న రోజులు నాకు వరుసగా గుర్తులేవు. ఫినాయిల్ వాసన, చెప్పుల చప్పుడు, ఎవరి పేరో పిలిచే నర్సు గొంతు, ఎవరో ఏడ్వడం, ఎవరో ఊకోమనడం. చచ్చిపోతానని నాకు ఖాయంగా తెలిసిపోయింది. భయం కన్నా ముందు కోపం వచ్చింది. నా బిడ్డకు జడ వేయడం కూడా ఇంకా సరిగ్గా నేర్పలేదు, అప్పుడే పోవడమేమిటని.

పక్క చాప మీద కొమురమ్మ. మా షెడ్డులో నా పక్కన కూర్చొని కండెలు చుట్టే మనిషి. ఆమెకూ అదే దగ్గు, అదే జ్వరం. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం కానీ మాట్లాడే ఊపిరి లేదు.

డాక్టరు సూది తీసుకొని వచ్చినప్పుడు అత్తమ్మ నా చెయ్యి మీద తన చెయ్యి అడ్డం పెట్టింది.

"అయ్యా, దీనికి ఈ సూది పడది. కాన్పప్పుడు గిట్లనే ఏసిండ్రు. మొకమంత ఉబ్బి, ఒళ్లంత దద్దుర్లొచ్చి పాణం పోయినంత పనైంది."

"మంచిగ చెప్పినవ్ అవ్వా," అన్నాడాయన. సూది పక్కన పెట్టి వేరే గోలీలు రాశాడు. మా ఆయనకు అది నచ్చలేదు. మా దగ్గర సూది వేస్తేనే వైద్యం, గోలీ ఇస్తే ఉత్త చేతులతో పంపినట్టే. "సూది లేకుంట ఎట్ల తగ్గుతదమ్మా," అని ఆయన గొణుగుతూనే ఉన్నాడు. కొమురమ్మకు మాత్రం పొద్దున, సాయంత్రం తప్పకుండా సూది పడింది. ఆమెను చూసి ఆయన ఈర్ష్యపడ్డాడు కూడా.

కాజీపేట నుంచి వచ్చిన ఒకావిడ, భర్త రైల్వేలో పనిచేసేవాడు, తన తల్లిని చూసుకుంటూ మా పక్కన ఉండేది. పేరు కూడా అడగలేదు. చిక్కుపడి అట్టకట్టిన నా జుట్టులో కొబ్బరినూనె వేసి, నొప్పి తెలియకుండా వేళ్లతోనే ఒక్కొక్క పాయా విడదీసి జడ వేసింది. ఆమె చేతులు తలకు తగులుతుంటే నాకు ఏడుపు వచ్చింది. ఇప్పటికీ కాజీపేట వైపు పోయినప్పుడు ఆమె కోసం చూస్తాను.

కొమురమ్మ పోయింది. సూదులన్నీ వేశాక కూడా పోయింది. ఆమె చాప ఎత్తి మడతపెడుతుంటే నేను కళ్లు మూసుకున్నాను. ఇక వంతు నాదే అనుకున్నాను. కానీ నా జ్వరం దిగింది. ఒక పొద్దున ఊపిరి అడుగుదాకా పోయింది, మళ్లీ బయటికొచ్చింది. ఎవరికైనా చెబుదామని చూస్తే అత్తమ్మ లేదు.

మా ఆడబిడ్డ భాగ్య వచ్చి ఆమెను ధర్మసాగర్‌కు, తన ఇంటికి, తీసుకుపోయిందని మా ఆయన చెప్పాడు. "అలసిపోయింది, జర ఆరాం చేస్తది," అన్నాడు. ఆ మాట అంటూ ఆయన గోడ వైపు చూశాడు. నేను పట్టించుకోలేదు.

ఇంటికి వచ్చాక

ఇంటికొచ్చేసరికి మంచం పక్కన గాలి డబ్బా నడుస్తూనే ఉంది. నేను పనికి పోయేదాకా ఉంచమని మహబూబ్ భాయి చెప్పాడట. నీళ్లు తగ్గితే పోయడానికి క్యాన్ కూడా నింపి పెట్టాడు.

ఒక డాక్టరమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. హైదరాబాద్ నుంచి జీపులో వచ్చింది. మా చుట్టుపక్కల దవాఖానలన్నీ తిరిగి, ఇలాంటి దగ్గు జ్వరం ఎక్కడెక్కడ వచ్చిందో విచారించడం ఆమె పని. మనుషులు ఎక్కడ జబ్బుపడ్డారన్నది కాదట, జబ్బుపడకముందు అందరూ ఎక్కడ కలిశారన్నది చూడాలట.

"ఏటూరునాగారంలో ఒకరు, కాజీపేటలో ఒకరు, ఇక్కడి ఆస్పత్రిలో కొందరు. ఒకరితో ఒకరికి సంబంధం లేదనుకున్నాం. విచారిస్తే అందరూ మీ షెడ్డువాళ్లే. జ్వరం రాగానే ఎవరి ఊరికి వాళ్లు పోయారు," అంది.

అది నిజమే. మావాళ్లకు ఒళ్లు వెచ్చబడితే మొదట గుర్తొచ్చేది సొంతూరే. ఒక్కచోట పడుకొని ఉంటే ఎవరికో ఒకరికి ముందే అనుమానం వచ్చేది.

అందరి ఇళ్లలో అడిగినట్టే నన్నూ అడిగింది. ఏం తిన్నావు, ఏం తాగావు, ఎక్కడ కూర్చున్నావు. నేను చెబుతున్నాను. చెబుతుండగా ఆమె చూపు గాలి డబ్బా మీద పడింది.

"ఇదేంటి?"

"షెడ్డుదమ్మా. జ్వరమొచ్చినోళ్ల ఇంటికి పంపుతరు. మహబూబ్ భాయి చేసిండు."

ఆమె లేచి దగ్గరికి పోయి మూత ఎత్తి చూసింది. వెంటనే ప్లగ్గు పీకేసింది. కిటికీ తెరిచింది, ఆ నీళ్లు ఒక సీసాలో పట్టుకుంది. నాకు కోపం వచ్చింది, మా ఇంట్లో వస్తువు నన్నడగకుండా ఆపుతుందేమిటని. అప్పుడామె నా ఎదురుగా కూర్చొని మెల్లగా చెప్పింది. ఇలా నిలవ ఉండి వెచ్చబడ్డ నీళ్లలో ఒక పురుగు పెరుగుతుందట. కంటికి కనబడదు. తుంపరతో గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి అంటదు, ఆ తుంపర పీల్చినవాళ్లకే వస్తుంది. ఇంకా ఖాయం కాలేదు, అనుమానమే. మామూలుగా వేసే సూదులకు అది లొంగదు, నాకిచ్చిన గోలీలకు లొంగుతుంది.

"మీకు సూది పడకపోవడమే మిమ్మల్ని బతికించి ఉంటుంది," అంది.

నాకు కొమురమ్మ గుర్తొచ్చింది. డాక్టరమ్మ మళ్లీ అడిగింది. "మీరు పడుకున్నప్పుడు ఈ గదిలో ఇంకెవరున్నారు? ఈ గాలి దగ్గర?"

"మా అత్తమ్మ," అన్నాను. "రాత్రీ పగలూ ఈడనే."

వాకిట్లో నిలబడ్డ మా ఆయన లోపలికొచ్చాడు.

"అమ్మకు జ్వరమని నువ్వు దవాఖానల ఉన్నప్పుడే కబురొచ్చింది," అన్నాడు. "నువ్వు ఫికర్ పెట్టుకుంటవని చెప్పలే. వడదెబ్బ అని అక్క చెప్పింది. సూదులు ఏయిస్తాందట."

ధర్మసాగర్

నన్ను రావద్దన్నారు. నేను వినలేదు. నడవలేకపోతుంటే మా ఆయన ఎత్తి డాక్టరమ్మ జీపులో కూర్చోబెట్టాడు. దారి పొడుగునా నేను ఒక్కటే అనుకున్నాను, ఇంకో సూది పడకముందే గోలీ ఆమె నోట్లో పడితే చాలు, బతుకుతుంది. చదువుకున్నవాళ్లకు నవ్వొచ్చే లెక్క అది. భయంలో అలాంటి లెక్కలే వస్తాయి.

భాగ్య వదినె వాకిట్లోనే అడ్డం వచ్చింది. మా అత్తమ్మ అరుగు వెనకాల గదిలో ఉంది. ఊపిరి చప్పుడు వాకిట్లోకి వినబడుతోంది. ఆ చప్పుడు నాకు తెలుసు.

"మా అమ్మకు సూదులు పడుతున్నయ్. నీకు మిగిలిన గోలీలు తెచ్చి మా అమ్మకు పెడ్తవా?" అంది నన్ను చూసి.

డాక్టరమ్మ నచ్చజెప్పబోయింది. దవాఖానకు తీసుకుపోవాలంది.

"దవాఖానకు పోయినోళ్లు ఎవరు తిరిగొచ్చిండ్రు? కొమురమ్మ వచ్చిందా?"

"నేనొచ్చిన వదినె," అన్నాను.

నా గొంతు నాకే వినబడనంత చిన్నగా వచ్చింది. వదినె నన్ను కిందికీ మీదికీ చూసింది. నేను ఎంత చిక్కిపోయానో అప్పుడే చూసినట్టుంది. పక్కకు జరిగింది.

అత్తమ్మ నన్ను గుర్తుపట్టింది. "ఎందుకొచ్చినవే, ఎండల," అని కసిరింది. డాక్టరమ్మ నెత్తురు తీసుకుంది. నేను గోలీ ఆమె నాలుక మీద పెట్టి చెంచాతో నీళ్లు పోశాను. మింగింది. సూది వెయ్యమని అడగలేదు. జీపులో వెనక సీటు మీద పడుకోబెట్టి తల నా ఒళ్లో పెట్టుకున్నాను. వదినె కాళ్ల దగ్గర కూర్చుంది, మా ఆయన ముందు.

చెరువు కట్ట దాటుతుంటే ఆమె కళ్లు తెరిచింది. ఏం జబ్బని అడిగింది. ఆమెను మాట్లాడిస్తూ ఉండమని డాక్టరమ్మ నాతో అన్నది, తనే చెప్పడం మొదలుపెట్టింది. ఎక్కడో పరాయి దేశంలో పాత సైనికులు ఒక హోటల్లో కలుసుకున్నారట. వాళ్లలో చాలామంది ఈ జ్వరంతోనే పడిపోయారట, అందుకని దీనికి వాళ్ల పేరే పెట్టారట.

అత్తమ్మ విన్నది. ఊపిరి కూడగట్టుకుంది.

"నేనెప్పుడు సిపాయినైన బిడ్డా," అంది.

వదినె నవ్వింది. నేనూ నవ్వాను. మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదటిసారి కావచ్చు. ఆ నవ్వు మా మొహాల మీద ఉండగానే అత్తమ్మ ఊపిరి సగంలో ఆగింది. మిగతా సగం కోసం నేను ఎదురుచూశాను. నాకు తెలిసిన ఊపిరే కదా, వస్తుంది అనుకున్నాను. డాక్టరమ్మ జీపు ఆపించి రోడ్డు పక్కనే గుండె మీద నొక్కింది, నోట్లో ఊదింది, చీర కుచ్చెళ్లు మట్టిలో పొర్లుతున్నా చూసుకోలేదు. రాలేదు.

"నా ఇంట్ల నుంచి తీసి రోడ్డు మీద సంపినవ్," అంది వదినె నాతో. జీపు వరంగల్‌కు, మా ఇంటికి పోయింది.

మృగశిర తర్వాత

వానలు పడ్డాయి. మహబూబ్ భాయి రెండు డబ్బాలనూ విరగ్గొట్టి రేకులు రేకులుగా చేశాడు. మా ఇంటి ముందుకొచ్చి లోపలికి రాకుండా నిలబడ్డాడు. "నన్ను తిట్టు చెల్లె," అన్నాడు. నోరున్నదాన్నని వాడంతా చెప్పుకునే నాకు ఒక్క తిట్టు రాలేదు. అతను తెచ్చింది చల్లగాలి. తోటివాళ్ల మీద ప్రేమతో తెచ్చాడు. చాయ్ పెట్టి ఇచ్చాను. నిలబడే తాగి పోయాడు.

నేను చాలా రోజులు నిద్రపోలేదు. నా ఊపిరి నేను వింటూ పడుకునేదాన్ని. ఆమె నా చెయ్యి మీద చెయ్యి అడ్డం పెట్టి నన్ను బతికించింది, నా పక్కన కూర్చున్నందుకు పోయింది. ఈ రెండు మాటలనూ ఎటు తిప్పి చూసినా నాకు శాంతి దొరకలేదు. ఇలాంటిది జరిగినవాళ్లు ఎవరైనా ఇది చదివితే వాళ్లకు నేను ఓదార్పు చెప్పలేను. ఒంటరిగా మాత్రం కూర్చోవద్దని చెబుతాను.

అత్తమ్మ నెల మాసికం నాడు డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. చుట్టాలందరూ ఉన్నారు. వదినె కూడా వచ్చింది కానీ నాతో మాట్లాడలేదు. అత్తమ్మ నెత్తురులోనూ, డబ్బా నీళ్లలోనూ ఆ జబ్బు ఆనవాళ్లే కనబడ్డాయని డాక్టరమ్మ చెప్పింది. మున్సిపాలిటీ చావుల లెక్కలో మాత్రం వడదెబ్బ అని ఉందట, మా పాలివాళ్లు, అంటే మా ఆయన దాయాదులు, అలా చెప్పి వచ్చారు. కొమురమ్మదీ అంతే.

"ఇంటివాళ్లు చెబితే నేను ఈమెను కూడా జబ్బుపడ్డవాళ్లలో చేరుస్తాను. షెడ్డులో పనిచెయ్యని మనిషికి ఇంట్లోనే ఎలా వచ్చిందో తెలిస్తే, మిగతా ఊళ్లలో ఇలాంటి గాలి డబ్బాలు ఎక్కడున్నా ఆపించగలను. మీరు వద్దంటే వడదెబ్బ అనే ఉంటుంది," అంది.

పాలివాళ్లలో పెద్దాయన మా ఆయన భుజం పట్టుకున్నాడు. "ఊకో రాజేశం. షెడ్డు బంద్ పెడ్తరు. అందరి నోట్ల మట్టి పడ్తది. ఆ మహబూబ్‌ను పోలీసోళ్లు పట్టుకపోతరు. పోయినామె ఎట్లైన పోయింది."

మా ఆయన నేల చూశాడు. ఆయన తల్లి, ఆయన చెప్పాలి. ఆయన చెప్పడం లేదు. నాకు అరవాలనిపించింది, కానీ కోడలిని. ఎవరు వింటారు?

అప్పుడు వదినె లేచింది. కొంగు నడుముకు చుట్టుకొని డాక్టరమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"మా అమ్మ ఎండకు సచ్చే మనిషి కాదమ్మా," అంది. "బతుకంత ఎండల నిలవడి పడుగు సాపు చేసింది. ఏం జబ్బు తగిలిందో, యాడ తగిలిందో, ఉన్నది ఉన్నట్టు రాసుకో. మహబూబన్న మీదికి ఎవరన్న వస్తే నాతోని మాట్లాడమను."

డాక్టరమ్మ పెన్ను తీసి, పోయినామె పేరు చెప్పమంది. వదినె పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. నా వైపు చూసింది.

"లచ్చమ్మ," అని నేను చెప్పాను.